అరటిగెల టిక్కుమంటుందా? మూలకాల మీద కార్డు కథలు రాయడం గురించి

ఈ వేసవి సెలవుల్లో మా ఊరి హైస్కూలు పిల్లలు కొందరితో ఒక పని చేయించాను. ఒక్కొక్కరి చేత ఒక మూలకం పేరున్న చీటీ తీయించి, దాని మీద పోస్టుకార్డులో పట్టేంత సైన్స్ ఫిక్షన్ కథ రాయమన్నాను. పాత వారపత్రికల్లో కార్డు కథలని వచ్చేవి చూడండి, అలాంటివన్నమాట. వచ్చినవాటిలో సగానికి పైగా ఒకేలా మొదలయ్యాయి. "నా పేరు ఆక్సిజన్. నేను లేకపోతే మీరు బతకలేరు." "నా పేరు బంగారం. నేనంటే అందరికీ ఇష్టం." ఇందులో పిల్లల తప్పేమీ లేదు, నది ఆత్మకథ, చెట్టు ఆత్మకథ అని వ్యాసాలు రాయించీ రాయించీ మనమే అలా అలవాటు చేశాం. కానీ అవి కథలు కావు. మూలకం చేత మనిషిలా మాట్లాడిస్తే అక్కడ ఇంకో మనిషి తయారవుతాడు, మూలకం మాయమైపోతుంది.

ఇంకో రకం చిక్కు కూడా కనబడింది, నాకు అదే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. సోడియం చీటీ వచ్చిన కుర్రాడు, తుఫాను రోజున సముద్రం పొంగి ఉప్పుమడులన్నీ బాంబుల్లా పేలిపోయినట్టు రాశాడు. సోడియం నీళ్లలో వేస్తే భగ్గుమంటుందని చదివాడు, ఉప్పులో సోడియం ఉందనీ చదివాడు. రెండూ నిజమే. రెండూ కలిపి తీసిన కథ మాత్రం నిలబడదు, ఎందుకంటే ఉప్పు నీళ్లలో కరగడం మనం రోజూ పప్పులో చూస్తూనే ఉన్నాం. అంటే ఊహ ఎక్కువై ఆ కథ చెడిపోలేదు, అసలు మూలకం అంటే ఏమిటన్న దగ్గరే ముడి పడింది. పెద్దవాళ్లు రాసేవాటిలోనూ ఈ ముడి చాలాసార్లు చూశాను కాబట్టి ముందు దాన్నే విప్పుకుందాం.

ఒక మూలకం గురించి మనం చెప్పుకునే సంగతులు మూడు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. మొదటిది పరమాణువు నడిమధ్యన ఉండే కేంద్రకం. అది పుట్టుక లాంటిది, ఎవరితో కలిసినా, ఏ ఇంట్లో ఉన్నా మారదు. రెండోది బయటి ఎలక్ట్రాన్లు, ఇవి వియ్యం లాంటివి, ఎవరితో కలిస్తే దాన్ని బట్టి నడత మారిపోతుంది. మూడోది ముద్ద. అంటే కోటానుకోట్ల పరమాణువులు ఒక్కచోట చేరితేనే వచ్చే గుణాలు, మెరుపు, గట్టిదనం, కరగడం, మరగడం లాంటివి. తీర్థంలో జనం ఎలా ఊగుతారో ఒక్క మనిషిని చూసి చెప్పలేం కదా, అలాగే ఒక్క పరమాణువు కరగదు, మెరవదు. మీ కథ ఈ మూడింటిలో దేని మీద నిలబడిందో తేల్చుకోకుండా కలం పట్టుకుంటే ఉప్పుమడులు పేలిపోతాయి. ఆ కుర్రాడు ఎవరితోనూ కలవని విడి సోడియం చేసే పనిని, క్లోరిన్‌తో వియ్యమందాక ఎలక్ట్రాన్ ఒకటి ఇచ్చేసి చల్లబడిన సోడియం మీద పెట్టాడు.

ముద్దతో మొదలుపెడతాను, తేలిక కాబట్టి. గాలియం అని ఒక లోహం ఉంది, 29.8 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. చలిదేశాల్లో దీన్ని చేతిలో పెట్టుకుంటే ఒంటి వేడికి వెండి నీళ్లలా అయిపోతుంది, అందుకని ఆ దేశాల వాళ్లకి గాలియం అనగానే అరచేయి గుర్తొస్తుంది. అదే కథ మనం రాస్తే అబద్ధం అవుతుంది. మన దగ్గర మార్చి నుంచీ అది బీరువాలోనే నీళ్లయి కూర్చుంటుంది, ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. రాజమండ్రి ఎండలు తెలిసినవాళ్లకి ఇక్కడ వింత అది కరగడం కాదు, గడ్డకట్టడం. పైగా గాలియానికి ఇంకో గుణం ఉంది, కరిగాక 29.8 కంటే బాగా చల్లబడినా వెంటనే గట్టిపడదు, గట్టి గాలియం పలుకు ఒకటి తగిలిస్తే అప్పుడు టక్కున బిగుసుకుంటుంది. పాలు తోడుకోవడానికి చేమిరి వేసినట్టు. ఇవి రెండూ పెట్టుకుని నేనూ ఒక కార్డు రాశాను:

"బామ్మ పెట్టెలో ఆకాశం నుంచి పడిన లోహం ఉండేది. ఏడాదంతా సీసాలో నీళ్లలా ఉండేది. భోగి ముందు నాలుగు రోజులు, తెల్లవారుజామున, పళ్లెంలో పోసి పలుకు ఒకటి వేస్తే గట్టిపడి దాని మీద అక్షరాలు తేలేవి. ఎండెక్కేలోపు బామ్మ ఒక వరుస రాసుకునేది. అరవై ఏళ్లలో ఉత్తరం సగం అయింది. 'మీ నేల వేడెక్కబోతోంది, ఆపడానికి మార్గం ఏమిటంటే' అన్న దగ్గర ఆగింది. ఆ తర్వాత భోగికి చలి రాలేదు."

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, కరిగి మళ్లీ గడ్డకట్టినా అక్షరాలు పోని లోహం. మిగతాదంతా గాలియం చేసేదే. కథ రాసి పదిమందికి వినిపిస్తే ఒకాయన "చలి లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చుగా" అన్నాడు. చాలా మంచి ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు, కాబట్టి ఆ కథలో ఇంకా చిల్లు ఉన్నట్టే. కార్డు కథలో ఒక్క అబద్ధానికి చోటు ఉంటుంది, దాన్ని పాఠకుడు అడ్డు చెప్పకుండా ఒప్పుకుంటాడు, కానీ ఆ అబద్ధానికి పక్కన తలుపు తీసి ఉంటే వెంటనే పట్టేసుకుంటాడు.

గాలియం సంగతి వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 1869లో మెండలీఫ్ ఆవర్తన పట్టిక వేసేనాటికి తెలిసిన మూలకాలు 63. ఆయన పట్టికలో ఖాళీలు వదిలి, అక్కడ ఉండాల్సినవి ఇంకా దొరకలేదన్నాడు. అల్యూమినియం కింద ఉన్న ఖాళీకి పెట్టిన పేరు ఏక-అల్యూమినియం. ఆ 'ఏక' మనం ఎక్కాలప్పుడు, పూజలప్పుడు అనే ఏకమే, సంస్కృతం నుంచి తీసుకున్నాడు. 1875లో ఫ్రాన్స్‌లో బ్వాబోద్రాన్ దాన్ని కనిపెట్టి గాలియం అని పేరు పెట్టి, సాంద్రత 4.7 అని ప్రకటించాడు. మెండలీఫ్ ఆ లోహాన్ని కంటితో చూడలేదు, అయినా 5.9 ఉండాలి, శుద్ధి చేసి మళ్లీ తూచి చూడమన్నాడు. మళ్లీ తూచితే 5.9 వచ్చింది. చేతిలో లోహం ఉన్నవాడి కంటే, కాగితం మీద ఖాళీ గడి ఉన్నవాడికి ఎక్కువ తెలిసిన సందర్భం ఇది. సైన్స్ ఫిక్షన్‌కి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. నియమం గట్టిగా పట్టుకున్నవాడే లేనిదాన్ని నమ్మకంగా చెప్పగలడు.

మన పొరుగునే ఇలాంటిది ఇంకొకటి జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సన్ గుంటూరుకి వచ్చాడు, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును పట్టకంతో విడదీస్తే పసుపు గీత ఒకటి కనబడింది. ముందు సోడియం గీత అనుకున్నారు, కానీ సరిగ్గా ఆ చోట లేదు. తర్వాత ఇంగ్లండ్‌లో లాకియర్ అది భూమ్మీద ఎరగని మూలకం అని తేల్చాడు, దానికి సూర్యుడి పేరు మీద హీలియం అని పేరొచ్చింది. రామ్సే దాన్ని ఇక్కడ ఒక యురేనియం రాయిలో పట్టుకునేసరికి 1895 అయింది. మధ్యలో ఆ ఇరవై ఏడేళ్లు, సూర్యుడిలో తప్ప ఎక్కడా లేని పదార్థం ఒకటి ఉందని కొందరు నమ్మారు, కొందరు నవ్వారు. ఆ ఇరవై ఏడేళ్లలో ఎక్కడో ఒక రోజును పట్టుకుని గుంటూరు మనిషి మీద ఎవరైనా కార్డు కథ రాస్తే చదవాలని ఉంది.

ఇప్పుడు ఎలక్ట్రాన్ల దగ్గరికి, అంటే వియ్యం దగ్గరికి వద్దాం. దీనికి నాకు పుస్తకం కంటే మా బావ రొయ్యల చెరువు ఎక్కువ నేర్పింది. భీమవరం వైపు ఆయనకి చెరువులున్నాయి, వనామీ రకం రొయ్య వేస్తాడు. ఒక రాత్రి గట్టు మీద పాకలో ఆయనతో ఉన్నాను. పగలు నీళ్లలో పచ్చదనం ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడ్డాక అదీ రొయ్యలతో పాటు పీల్చుకోవడమే, అందుకని పొద్దుపోయే కొద్దీ డీవో పడిపోతూ తెల్లవారుజామున అడుగంటుతుంది. ఆక్వా రైతులు డీవో అనేది నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ లెక్కని. రాత్రి పదకొండుకి మీటరు లీటరుకి 5.1 మిల్లీగ్రాములు చూపించింది, రెండింటికి 4.2, మూడున్నరకి 3.7. టార్చి వేస్తే గట్టు వారన నీళ్లలో చిన్న నిప్పురవ్వల్లాంటి కళ్లు, ఒకటీ అరా కాదు, వరసగా. "పైకొచ్చేశాయిరా" అని బావ నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఇంకో రెండు ఆన్ చేశాడు.

ఆ రాత్రి నాకు తట్టిన ప్రశ్న ఇది. నీళ్లంటే బరువులో దాదాపు 89 శాతం ఆక్సిజనే కదా, ఆక్సిజన్ చెరువులో మునిగి ఉండి రొయ్య ఆక్సిజన్ లేక ఎందుకు చస్తుంది? చస్తుంది, ఎందుకంటే నీటిలోని ఆక్సిజన్‌కి ఎప్పుడో పెళ్లయిపోయింది. హైడ్రోజన్‌తో కట్టుబడి ఉన్న ఆ ఆక్సిజన్‌ని రొయ్య మొప్పలు విడదీయలేవు, మన ఊపిరితిత్తులూ విడదీయలేవు. దానికి కావలసింది విడిగా కరిగి ఉన్న ఆక్సిజన్, లీటరు నీళ్లకి నాలుగైదు మిల్లీగ్రాములు. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములుంటుంది. అంటే మనకంటే ఇంచుమించు అరవై వంతులు తక్కువలో అది కాపురం చేస్తోంది, వేడి పెరిగినా ఉప్పు పెరిగినా ఆ కాస్తా తగ్గుతుంది.

పొలంలోనూ ఇదే కథ, ఆక్సిజన్ బదులు నత్రజని. ఒక ఎకరం మీద నిలబడి ఉన్న గాలిలో ముప్పై వేల టన్నులకు పైగా నత్రజని ఉంటుంది, వరి దాన్ని ముట్టుకోలేదు, రైతు యూరియా బస్తా కోసం లైన్లో నిలబడతాడు. 45 కిలోల బస్తాలో నత్రజని ఇరవై కిలోలు. పాశర్లపూడి మంట గుర్తున్నవాళ్లకి ఇంకో ఉదాహరణ చెబుతాను. 1995 జనవరి 8న అక్కడ గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. కార్బన్ మీద కథ రాసేవాళ్లు ఆ మంటని వాడుకోవాలనుకుంటే, అక్కడ మండింది విడి కార్బన్ కాదు, నాలుగు హైడ్రోజన్లతో కలిసిన మీథేన్ అని గుర్తుపెట్టుకోవాలి. కార్బన్ ఒక్కటే అయితే అది పెన్సిల్ ములుకు, బొగ్గు, వజ్రం, అంత ఎత్తున ఎగసే గుణం దానికి లేదు.

ఆక్సిజన్ మీద సైన్స్ ఫిక్షన్ అనగానే అందరూ అంతరిక్ష నౌకలోకి వెళ్లిపోతారు, గాలి అయిపోతోంది, ఎర్ర లైటు వెలుగుతోంది, ఒక్కరే బతకాలి. చాలాసార్లు చదివేశాం. నాకు మాత్రం ఆ రాత్రి చూసిన ఒక సంగతి దగ్గర కథ దొరికింది. ఏరేటర్ల మోతకి నాకు కునుకు పట్టలేదు. బావ హాయిగా గురక పెట్టాడు. నాలుగింటికి కరెంటు పోయింది, మోత ఆగింది, నేను "హమ్మయ్య" అనుకునేలోపు బావ మంచం మీద లేడు, జనరేటర్ దగ్గర ఉన్నాడు. కార్డు మీద రెండే వాక్యాలు రాశాను:

"అంగారకుడి మీద రాత్రి కాపలా ఉద్యోగానికి, అలారం మోగితే ఎన్ని సెకన్లలో లేస్తావని భీమవరం కుర్రాణ్ణి అడిగారు. 'అలారం దాకా ఎందుకండీ, మోత ఆగితే లేస్తాను' అన్నాడు."

ఇందులో ఆక్సిజన్ అన్న మాటే లేదు. అది నేను కావాలనే చేశాను, పిల్లలకి కూడా అదే చెప్పాను. మనకి పొడుపు కథలున్నాయి కదా, "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే కనురెప్పలు. పేరు దాచి గుణం చెప్పడమే అందులో కిటుకు. మూలకం మీద కార్డు కథకి దానికంటే దగ్గరి చుట్టం ఏదీ లేదు. పేరు శీర్షికలో పెట్టుకోండి, కథలో గుణాన్ని పని చెయ్యనివ్వండి.

ఇక కేంద్రకం. ఇక్కడే అందరూ ఎక్కువగా తడబడతారు, ఇక్కడే కథలూ ఎక్కువ దొరుకుతాయి, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

రావులపాలెం అరటి మార్కెట్ చూసినవాళ్లకి గెలల గుట్టలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఒక్క అరటిపండులో నాలుగు వందల మిల్లీగ్రాముల పైచిలుకు పొటాషియం ఉంటుంది. రైతు దాన్ని పొటాష్ అంటాడు, ఎప్పుడో ఎండిపోయిన సముద్రాల అడుగు నుంచి తవ్వి, ఓడల్లో మన దేశానికి తెచ్చిన ఎరువు అది. ప్రకృతిలో ఎక్కడ దొరికిన పొటాషియం అయినా సరే, ప్రతి పది వేల పరమాణువుల్లో ఇంచుమించు ఒకటి పొటాషియం-40. అది రేడియోధార్మికం, అంటే దాని కేంద్రకం దానంతటదే విచ్ఛిన్నమై ఇంకో మూలకంగా మారిపోతుంది. ఒక అరటిపండులో సెకనుకి పది పదిహేను పొటాషియం-40 పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి, రేడియోధార్మికతని పసిగట్టే మిషను టిక్కుమనేది ఇలాంటివాటికే. మన ఒంట్లో అయితే సెకనుకి నాలుగు వేలకు పైనే. దీనికి భయపడాల్సింది ఏమీ లేదు, పొటాషియం ఎంత కావాలో అంతే ఒళ్లు ఉంచుకుంటుంది, ఎక్కువైంది బయటికి పంపేస్తుంది, మనిషి పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉన్నాడు.

ఇప్పుడు ఉప్పుమడుల కథకీ దీనికీ తేడా చూడండి. పొటాషియం లోహాన్ని నీళ్లలో వేస్తే సోడియం కంటే గట్టిగా మండుతుంది. అదే పొటాషియం అరటిపండులో చల్లగా, తియ్యటి గుజ్జులో కూర్చుంటుంది, ఎందుకంటే మండటం ఎలక్ట్రాన్ల పని, ఆ ఎలక్ట్రాన్ అది ఎప్పుడో ఇచ్చేసింది. కానీ ఆ విచ్ఛిన్నం కేంద్రకం పని. లోహంలో ఉన్నా, ఎరువు బస్తాలో ఉన్నా, చక్కెరకేళిలో ఉన్నా, మీ గుండె కండలో ఉన్నా ఒకే లెక్క. వండినా తగ్గదు, ఫ్రిజ్‌లో పెట్టినా ఆగదు.

అర్ధజీవిత కాలం అనే మాట దగ్గర కూడా చాలామంది బోల్తాపడతారు. పొటాషియం-40కి అది 125 కోట్ల ఏళ్లు. దీన్ని చూసి "ఒక పరమాణువు 125 కోట్ల ఏళ్లు బతికి, సగం చచ్చి..." అని రాసేస్తారు. అలా కాదు. గుంపుగా చూస్తే అంత కాలంలో సగం మారిపోతాయి, ఏ ఒక్కటి ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పలేరు. అన్నిటికంటే వింత ఏమిటంటే దానికి ముసలితనం లేదు. భూమి పుట్టకముందు తయారై, 460 కోట్ల ఏళ్లు ఏమీ కాకుండా ఉన్న పరమాణువు ఈ క్షణంలో మారే అవకాశమూ, కొత్తగా పుట్టినదానికి ఉండే అవకాశమూ అచ్చంగా ఒకటే. భూమితో పాటు ఉన్నవాటిలో పదో వంతు కూడా ఇప్పుడు మిగల్లేదు, ఆ మిగిలినవి మాత్రం ఏమీ అలిసిపోలేదు. మనిషికి ఇలాంటి చావు ఉంటే ఎలా ఉంటుందన్నది ఒక కథ, దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. నేను రాసింది వేరే:

"మార్కెట్లో పాటకి ముందు సుబ్బమ్మ గెలకి చెవి ఆనించింది. చెవిలోని మిషను నిశ్శబ్దంగా ఉంది. 'ఇది చెట్టున కాసింది కాదయ్యా' అంది. అమ్మేవాడు గొంతు తగ్గించాడు, 'చెట్టున కాసిన గెల ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది పెద్దమ్మా. ఇప్పుడన్నీ ఫ్యాక్టరీవే, టిక్కుమనే పొటాషియం తీసేసి చేస్తారు.' ఊరికే కబుర్లు, అనుకుంటూ ఇంటికొచ్చింది. మంచం మీద మనవడు నిద్రపోతున్నాడు. మిషను తీసేయడం మరిచిపోయి, ముద్దొచ్చి, వాడి గుండె మీద చెవి ఆనించింది."

ఆ తర్వాత ఏమీ రాయలేదు. ఒక పాప "అయితే వాడూ ఫ్యాక్టరీలోనే తయారయ్యాడా?" అని అడిగింది, ఇంకొకమ్మాయి "కాదు, పుట్టినప్పటి నుంచీ ఫ్యాక్టరీ పళ్లే తిన్నాడు, అందుకే" అంది. రెండూ కుదురుతాయి. రెండోది నేను అనుకోలేదు, నాకు అదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే మన ఒంట్లో పొటాషియం తిన్న తిండిలోంచే వస్తుంది, తిండి మారితే కొన్నాళ్లకి ఒళ్లూ మారుతుంది. ఈ కథలో అబద్ధాలు రెండున్నాయి, ఒక్కటే ఉండాలన్న నా మాట నేనే తప్పాను. చుట్టూ ఉన్న నేలా గోడలూ చేసే చప్పుడులోంచి ఒక్క గెల టిక్కుని విడదీసి వినిపించే చెవి మిషను లేదు. పొటాషియం-40ని పూర్తిగా ఏరేసి తిండి తయారుచేయడమూ లేదు, ఐసోటోపుల్ని, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల్ని, వేరు చేయడం సాధ్యమే గానీ అరటిపండు ఖరీదుకి కాదు. అయితే రెండూ కేంద్రకం గుణం మీదే ఆనుకుని ఉన్నాయి కాబట్టి కథ తట్టుకుందని నా నమ్మకం.

బంగారం గురించి అడుగుతారని తెలుసు, అందరూ అడుగుతారు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంకేతం భూమికి అందింది, బంగారం లాంటి బరువైన మూలకాలు అలాంటి చోట పుడతాయని దాంతో గట్టి ఆధారం దొరికింది. అప్పటి నుంచీ "నీ మెడలో పుస్తెలు నక్షత్రాల ముక్కలు" అనే కథలు వస్తూనే ఉన్నాయి. మాట అందంగానే ఉంది, కానీ అది తెలిశాక కూడా ఆ మెడకి ఏమీ జరగదు, ఆమె ఆ పుస్తెలు తాకట్టు పెట్టడానికి వెళ్తూనే ఉంటుంది. ఆ తాకట్టు కొట్టు దగ్గర ఏదైనా మారితే అప్పుడు కథ. పట్టిక చివర్న ఉన్న 118వ మూలకం ఒగనెసాన్ మీద రాయడం ఇంకా కష్టం, ఇప్పటిదాకా తయారైనవి కొద్ది పరమాణువులే, వాటి అర్ధజీవిత కాలం మిల్లీ సెకను కూడా లేదు. ముద్ద లేదు, వియ్యానికి టైము లేదు, కేంద్రకం ఒక్కటే ఉంది.

నాకు ఇప్పటికీ కుదరనిది ఆర్గాన్. అరటిపండులో ఆ పొటాషియం-40 మారినప్పుడు పదింట తొమ్మిది కాల్షియం అవుతాయి, ఒకటి ఆర్గాన్ అవుతుంది. అలాగే రాళ్లలోని పొటాషియం కోట్ల ఏళ్లుగా మారుతూ మారుతూ గాలిలోకి వదిలిందే మన చుట్టూ ఉన్న ఆర్గాన్ దాదాపు అంతా. గాలిలో అది నూటికి ఒక వంతు కంటే కాస్త తక్కువ. ఎవరితోనూ వియ్యం అందదు, మండదు, కుళ్లదు, మన ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వెళ్లినట్టే బయటికొస్తుంది. అలాంటిదాని చేత ఏం చేయించాలి? మొన్న మళ్లీ బావ పాకలో పడుకుని అదే ఆలోచిస్తున్నాను. ఏరేటర్ రెక్కలు నీళ్లని ఎగజిమ్ముతున్నాయి, ఆ తుంపర్లలోకి ఆక్సిజన్‌తో పాటు ఒకప్పుడు రాయిలో పొటాషియంగా ఉన్న ఆ వాయువు కూడా దిగుతోంది, రొయ్య మొప్పల దాకా వెళ్తోంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. మోత ఆగలేదు కాబట్టి బావ లేవలేదు.